అమెదే పెళ్ళి పీపా

అమెదే దుకుర్నోకి డెబ్భై అయిదేళ్ళు వచ్చినా ఆయన ముక్కుకి మాత్రం ఇంకా పాతికేళ్ళే. కళ్ళు మందగించాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కుడి చెవి భార్య మాట్లాడేటప్పుడు అస్సలు పనిచెయ్యదు. ఆర్మాన్యాక్ బ్రాందీ గ్లాసు దగ్గరికి వచ్చిందంటే మాత్రం అది ఏ ఊరి ఇసుకలో పండిందో, ఏ చలికాలంలో కాచారో, పీపా ఎవరి చేతిదో ఆ ముక్కు చెప్పేస్తుంది. ఓజ్ ఊరి సంతలో ఆ ముక్కుకి ఉన్న పరపతి మనిషికి లేదు.

ఆస్తి ఎంతని అడిగితే ఆయన గుక్క తిప్పుకోకుండా చెబుతాడు: ఎనిమిది హెక్టార్ల ద్రాక్షతోట, ముప్ఫై పెద్దబాతులు, ఒక ట్రాక్టరు, ఒక పెళ్ళాం. ఈ వరస ఓసారి సొలాంజ్ చెవిన పడింది. ఆ వారమంతా ఇంట్లో సూపుకి ఉప్పు దొరకలేదు.

తొందరపడి తాగేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. ప్యారిస్ నుంచి దిగినవాళ్ళు చేపల తొట్టంత గ్లాసులో పోయించుకుని గిరగిరా తిప్పుతుంటే చూస్తూ ఊరుకోలేడు.

"ఎందుకయ్యా దాన్నలా తిప్పుతావ్? ముప్ఫై ఏళ్ళు చీకట్లో కదలకుండా కూచునొచ్చింది పాపం. ఇప్పుడు దానికి కళ్ళు తిరగాలా?" అని ఆ గ్లాసు లాక్కుని సన్నమూతిది చేతిలో పెడతాడు. "గడ్డం దగ్గర పెట్టి ఊరుకో. ముందు అది నిన్ను చూసుకోనీ. తర్వాత ముక్కు. నాలిక వంతు ఆఖర్న."

తాగాక గ్లాసు కడిగేస్తే ఇంకా కోపం. ఖాళీ గ్లాసుని మర్నాడు పొద్దున్న వాసన చూడనివాడికి ఆర్మాన్యాక్ గురించి మాట్లాడే హక్కు లేదంటాడు. వయసులో ఉన్నది పియర్ పండు వాసన వేస్తుంది. ఇరవై ఏళ్ళు దాటితే ఎండు ఆల్‌బుఖారా, కాస్త వెనిల్లా. నలభై దాటిందంటే అక్రోటు, వానకి తడిసిన అడవి, తాతగారి కోటు జేబు.

చెయ్యడంలో మాత్రం పెద్ద గొప్పేమీ లేదని, చెడగొట్టకుండా ఉండడమే గొప్పని ఆయన అభిప్రాయం. సెప్టెంబరులో కోసిన తెల్లద్రాక్షతో వచ్చే వైను పల్చగా, పుల్లగా, నోట్లో పెట్టుకుంటే మొహం వంకర్లు పోయేలా ఉంటుంది. నవంబరు వచ్చేసరికి రాగి బట్టీ చక్రాల మీద ఊళ్ళోకి వస్తుంది. ట్రాక్టరు దాన్ని ఒక ఇంటి కొట్టం నుంచి ఇంకో ఇంటి కొట్టానికి లాక్కుపోతుంది. కింద కట్టెల మంట. పైన రాగి స్తంభంలో వైను మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంటే ఆవిరి దానికి ఎదురెక్కుతుంది. ఆ ఆవిరే చల్లబడి చివర్న దారమంత ధారగా వస్తుంది. చూపుకి మంచినీళ్ళు, నోటికి నిప్పు. ఒక్కసారి కాస్తే చాలు. ఉత్తరాన షరాంత్ వాళ్ళు రెండుసార్లు కాచి, దానికి కోన్యాక్ అని పేరు పెట్టి లోకమంతా అమ్ముకుంటారు. "మొదటిసారి కుదరనివాళ్ళు రెండోసారి చేస్తారు మరి" అని అమెదే ఆ చర్చని అక్కడితో ముగిస్తాడు.

ఆ తర్వాత పనంతా ఓక్ పీపాదీ, కాలానిదీ. చెక్క రంగు ఇస్తుంది, వాసన ఇస్తుంది. బదులుగా ఏటా కొంత సరుకు ఆ చెక్కలోంచే ఆవిరైపోతుంది. అది దేవదూతల వాటా అని ఆ ఊళ్ళో అందరూ మర్యాదగా ఒప్పుకుంటారు. ఆ ఆవిరి తాగి పెరిగే నల్లబూజు పీపాల కొట్టు గోడలకి మసిలా పట్టేస్తుంది. గోడ ఎంత నల్లగా ఉంటే ఆ ఇంటికి అంత పరువు. అమెదే కొట్టు గోడలు బొగ్గుకన్నా నలుపు.

ఆ కొట్టులో, మిగతావాటికి దూరంగా, ఓ మూలన పెళ్ళి పీపా ఉంది. నాలుగు వందల లీటర్లది. దాన్ని చేసింది సొలాంజ్ తండ్రి బార్తెలెమీ. ఆ చుట్టుపక్కల ఆయనంత బాగా పీపాలు చేసేవాడు లేడు, ఆయనంత చెడ్డ కోపమూ ఎవరికీ లేదు. పిడుగు పడ్డ ఒక ముసలి ఓక్ చెట్టుని కొట్టించి, ఆ చెక్కతో ఆయన సరిగ్గా రెండే పీపాలు చేశాడు. ఒకటి కూతురికి. రెండోది ఎదురింటి సోబాకి, అతని పెళ్ళి మరుసటి వారమే కాబట్టి. ఆ నవంబరులో, 1974లో, ఒకే బట్టీ ముందు అమెదే ఇంట్లో, తర్వాత సోబా ఇంట్లో కాగింది. రెండు పీపాలూ నిండాయి.

పెళ్ళినాడు బార్తెలెమీ అల్లుడి చెయ్యి పట్టుకుని పీపా మీద పెట్టించాడు.

"యాభై ఏళ్ళు నిండేదాకా ఇందులోంచి ఒక్క చుక్క తియ్యకూడదు. తీశావో, నా కూతురికి ఇచ్చిన మాట తప్పినట్టే. ఒట్టెయ్యి."

అమెదే ఒట్టు వేశాడు. సొలాంజ్ పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఒట్టు పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజున సూపులో వెల్లుల్లి ఎంత వెయ్యాలన్న దాని మీద మొగుడూ పెళ్ళాలకి మొదటి పెద్ద పోట్లాట వచ్చింది. అమెదే విసురుగా కొట్టులోకి వచ్చి కూచున్నాడు. ఎదురుగా పెళ్ళి పీపా. ఉడికించిన గుడ్డు నిలబెట్టుకునే చిన్న గిన్నె ఒకటి జేబులో ఎలా ఉందో ఆయనకే తెలియదు. గాజు గొట్టంతో గిన్నెడు తీశాడు. తాగాడు. కోపం దిగిపోయింది. ఇంట్లోకి వెళ్ళి, "వెల్లుల్లి నువ్వు వేసినట్టే బాగుందిలే" అన్నాడు. సొలాంజ్ ముద్దు పెట్టుకుంది. ఆ లెక్కన అది పాపం కాదని, మందు అని, అల్లుడు మామగారి తరఫునే ఆలోచించాడు.

అక్కడినుంచి అదే అలవాటైపోయింది. పోట్లాట వస్తే కొట్టులోకి, ఒక గిన్నె, బయటికి వచ్చి రాజీ. ఊళ్ళో వాళ్ళు వాళ్ళిద్దర్నీ చూసి ఎంత అన్యోన్యమో అనుకునేవాళ్ళు.

యాభయ్యో ఏడు వచ్చింది. నవంబరులో విందు. బంధువులందరి ఎదుట పీపా తెరిచి, దాన్ని గాజు జాడీల్లోకి మార్చి, సీసాల మీద వాళ్ళిద్దరి పేర్లూ 1974 అనీ వేయించాలని సొలాంజ్ ముచ్చట. అందుకోసం పీపాలు పరీక్షించి సరుకు ఏ ఏటిదో కాగితం రాసిచ్చే గిలేన్‌కి కబురు కూడా పంపేసింది.

ఆగస్టులో మేరీమాత పండగనాడు సొలాంజ్ చర్చికి వెళ్ళగానే అమెదే కొట్టులో దూరి, బిరడా తీసి కొలకర్ర దింపాడు. కర్ర పైకి తీసి తడి ఎంతదాకా ఉందో చూశాడు. దేవదూతలు ఎంత ఆశపోతులైనా యాభై ఏళ్ళకి ఇంకా నూట యాభై లీటర్లు మిగలాలి. మిగిలింది ఎనభై. డెబ్భై లీటర్లు ఏమైనట్టు?

ఆయన ఒక ఖాళీ పీపా మీద కూలబడి లెక్కేశాడు. డెబ్భై లీటర్లంటే రెండు వేల గిన్నెలు. రెండు వేల పోట్లాటలు! ఎంత వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకున్నా, బాతుల విషయంలోవీ, తోడల్లుడి విషయంలోవీ, తలుపు మెల్లగా వెయ్యమన్నవీ కలిపినా వెయ్యి దాటలేదు. మిగతా వెయ్యీ మర్చిపోయాడా? "నేనింత దుర్మార్గుణ్ణా?" అనుకుని ఆయన నిజంగానే బాధపడ్డాడు. సొలాంజ్‌కి ఈ సంగతి తెలిస్తే యాభై ఏళ్ళ మాట ఒక్క క్షణంలో నీళ్ళపాలు. ఆవిడ కళ్ళలో అది చూడడం కంటే బట్టీలో దూకడం నయం.

ఇక మిగిలిన దారి సోబా ఒక్కడే.

సోబా ఒంటరివాడు. భార్య నొయెలీ పెళ్ళయిన ఎనిమిదో ఏట పోయింది. పిల్లలు లేరు. ఆనాటి నుంచి తన కొట్టులోకి అతను ఎవర్నీ రానివ్వడు. అమెదే చెప్పిందంతా అతను మొహంలో ఏ మార్పూ లేకుండా విన్నాడు.

"ఎంత తగ్గింది?"

"డెబ్భై. అదే ఏటిది కావాల్రా. వేరేది కలిపితే ఆ గిలేన్ వాసన పట్టేస్తది. నా పరువు నీ చేతిలో ఉంది."

"ఉందిలే. ఆ ఏడు మా నాన్న చాలా పెట్టాడు," అన్నాడు సోబా. "పది లీటర్ల జాడీలు ఏడు. వారానికొకటి తీసుకుపో. మోసేది కూడా నీ వయసుకి అంతే."

"సొలాంజ్‌కి తెలియకూడదు."

"నా నోట్లోంచి రాదు," అని సోబా గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు నవ్వులా ఉందేమిటా అని అమెదేకి ఒక్క క్షణం అనిపించింది.

ప్రతి గురువారం సొలాంజ్ ఓజ్ సంతకి వెళ్ళేది. ఆవిడ బస్సెక్కగానే అమెదే తోపుడుబండి మీద గుమ్మడికాయలు పేర్చుకుని రోడ్డు దాటేవాడు. వచ్చేటప్పుడు గుమ్మడికాయల చోట గోనెపట్టా, దాని కింద జాడీ. సోబా లోపలినుంచి జాడీ తెచ్చి గుమ్మంలోనే ఇచ్చేవాడు. అమెదే దాన్ని గబగబా పీపాలో వంచేసి, బిరడా బిగించి, తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చేవాడు. వాసన చూసే తీరిక కూడా లేదు. ఏడు జాడీలు పొయ్యాలి, ఏడూ పోశాడు. మళ్ళీ కొలకర్ర ముట్టలేదు. ఆ కర్రని చూస్తేనే చెమట పట్టేది.

ఆ రోజుల్లోనే సొలాంజ్‌లో కూడా ఒక మంచి మార్పు వచ్చింది.

"పాపం సోబా. ఇల్లంతా దుమ్ము," అంది ఒకరోజు. "అతని కిటికీ తెరలు నేనే ఉతికి పెడుతున్నా."

"మంచిదేగా," అన్నాడు అమెదే.

"నువ్వు కూడా గుమ్మడికాయలు ఇస్తున్నావటగా. ఎప్పుడొచ్చిందయ్యా నీకింత మంచి మనసు?"

బాతుల మేత చూడాలని అమెదే లేచిపోయాడు. అక్టోబరులో అడవి పావురాలు ఆకాశం నిండా రాగానే, ఊళ్ళో మగవాళ్ళందరితో పాటు ఆయనా వేటకని అడవిలో చెట్ల మీది మంచెలెక్కాడు. చేతిలో తుపాకీ, పక్కన బాతు మాంసం, మధ్యాహ్నం కునుకు. దిగి వచ్చిన ప్రతి ఆదివారమూ సొలాంజ్ బట్టలబండి తోసుకుంటూ సోబా ఇంటినుంచి వస్తూ కనిపించేది. ఏడుసార్లు ఉతికింది. సోబా ఇంటికి ఉన్నవి రెండే కిటికీలు. అయినా అమెదేకి తట్టలేదు.

విందు రోజు మధ్యాహ్నం బట్టీ అమెదే కొట్టంలోనే కాగుతోంది. దాని మంట మీద బాతు ముక్కలు కాలుతున్నాయి, పెద్ద కుండలో క్యాబేజీ సూపు ఉడుకుతోంది. పక్కనే పీపాల కొట్టులో ఇరవై మంది చుట్టాలు పెళ్ళి పీపా చుట్టూ మూగారు. బార్తెలెమీ పోయి పాతికేళ్ళయినా, ఆయన కూడా ఏ మూలనో నిలబడి చూస్తున్నట్టే ఉంది అమెదేకి.

గిలేన్ నలభై ఏళ్ళ ఆడమనిషి, మాట కటువు. బిరడా తీసి కొలకర్ర దింపింది. పైకి తీసి చూసింది. మళ్ళీ దింపింది.

"పెద్దాయనా, ఇదెప్పటిదన్నారు?"

"పెళ్ళప్పటిది. డెబ్భై నాలుగు," అన్నాడు అమెదే.

"ఇందులో రెండొందల ఇరవై లీటర్లుంది. యాభై ఏళ్ళకి నూట యాభై ఉంటేనే గొప్ప. ఏంటి, మీ దేవదూతలు ఉపవాసాలున్నారా?"

చుట్టాలు గొల్లుమన్నారు. రెండొందల ఇరవై! అమెదే సోబా వంక చూశాడు. సోబా తీరిగ్గా పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు.

"నీళ్ళు కలిపారా?" అని గిలేన్ కాస్త బయటికి తీసి, ఘాటు కొలిచే గాజుకడ్డీని అందులో తేల్చింది. "నలభై రెండు డిగ్రీలు. నీళ్ళు కాదు. మరేం కలిపారు? అది తెలిస్తేగానీ నేను డెబ్భై నాలుగని కాగితం మీద సంతకం పెట్టను."

సొలాంజ్ మొహం ఎర్రబడింది. అది అవమానమే అనుకున్నాడు అమెదే. యాభై ఏళ్ళ ముచ్చట అందరి ముందూ దొంగసరుకు అనిపించుకుంటోంది, తన మూలాన. ఇక ఓర్చుకోలేకపోయాడు. తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేనే కలిపాను. దొంగతనంగా తాగింది కూడా నేనే. పోట్లాట వచ్చినప్పుడల్లా గిన్నెడు. మీ నాన్నకిచ్చిన మాట పన్నెండో రోజునే తప్పాను, సొలాంజ్. తగ్గిందానికి ఏడు జాడీలు తెచ్చి పోశాను. అదే ఏటిది. నన్నేమన్నా అను."

సొలాంజ్ ఒక అడుగు ముందుకి వేసింది.

"నువ్వు ఏడు పోశావా?"

"ఏడు."

"ఏడు నేను కదయ్యా పోసింది!"

గిలేన్ పక్కనున్న ఖాళీ పీపా మీద కూచుంది.

"నువ్వెందుకు పోశావు?" అన్నాడు అమెదే.

"నువ్వు కొట్టులోంచి బయటికొచ్చాక నేను వెళ్ళేదాన్ని గనక! వెల్లుల్లి బాగుందని ఓ అబద్ధం చెప్పేసి నువ్వు చల్లబడతావు. నా కోపం ఎక్కడికి పోవాలి? పెద్దబాతులకి మేత పట్టే గొట్టంతో ఓ గుక్క పీల్చుకునేదాన్ని."

"బాతుల గొట్టంతోనా! మా మామగారి పీపాలో!"

"మా నాన్న పీపా. నా ఇష్టం!"

"కిటికీ తెరలు ఉతుకుతున్నానని చెప్పి..."

"నువ్వు గుమ్మడికాయలని చెప్పలా? నువ్వు పావురాల వేటకి పోతేనే నాకు వీలు దొరికింది. కొలిచి చూసి పది రోజులు అన్నం సయించలేదు నాకు, ఇంత తాగానా అని!"

అమెదే మొహం మెల్లగా విప్పారింది. "అయితే మొత్తం రెండు వేలు కాదన్నమాట. వెయ్యే! నాది నాదే, నీది నీదే. ఒక్కో పోట్లాటకి ఇద్దరం తాగాం!"

"ఓహో, వెయ్యేనని సంతోషమా?" అంది సొలాంజ్. కానీ అప్పటికే ఆవిడకి నవ్వాగడం లేదు. అమెదేకి గుండె మీంచి యాభై ఏళ్ళ బరువు దిగిపోయింది. అందరి ఎదుటా ఆవిణ్ణి కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు.

"సంబరం తర్వాత," అని గిలేన్ గొట్టంతో కాస్త తీసి రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి తాను పట్టుకుంది, రెండోది ఆయనకిచ్చింది. "ఏటిలో అబద్ధం లేదు, డెబ్భై నాలుగే. కానీ ఇందులో రెండిళ్ళున్నాయి. ఆ రెండోది ఎవరిదో మీ ముక్కునే అడగండి."

అమెదే గ్లాసు గడ్డం దగ్గర పెట్టి ఆగాడు. తర్వాత ముక్కు దగ్గరికి తెచ్చాడు. ముందు తన తోట ఇసుక, ఎండు ఆల్‌బుఖారా, అక్రోటు. దాని వెనకే ఇంకోటి, రోడ్డవతల సోబా తోట బంకమట్టి వాలుది, కాస్త వయొలెట్ పూల వాసనతో. అదీ తెలిసిందే. ఆయన్ని కదలకుండా నిలబెట్టింది మాత్రం ఆ రెండు వాసనల కిందా ఉన్న చెక్క. తోటలు రెండు, చెట్టు మాత్రం ఒక్కటే. పిడుగు పడ్డ ఆ ముసలి ఓక్. దానితో బార్తెలెమీ చేసినవి రెండే రెండు పీపాలు.

ఆయన గ్లాసు కిందపెట్టాడు. ఏడూ ఏడూ పద్నాలుగు జాడీలు. నూట నలభై లీటర్లు.

"సోబా," అన్నాడు. "మీ నాన్న చాలా పెట్టాడన్నావు."

సోబా మళ్ళీ దూలాల వైపు చూశాడు.

"ఇది మీ పెళ్ళి పీపారా. నువ్వు మాకు పోసింది నొయెలీ పీపా."

సొలాంజ్ చేత్తో నోరు మూసుకుంది.

సోబా భుజాలు ఎగరేశాడు. "ఎవరి యాభయ్యో ఏటికి దాచుకోనురా దాన్ని? నలభై రెండేళ్ళు చూస్తూ కూచున్నా. దేవదూతలు తప్ప ఎవరూ ముట్టలేదు. పోట్లాడదామంటే మనిషి లేదు, ఇక తాగడానికి కారణమేముంది? మీరిద్దరూ ఒకే వారంలో ఒకరి తర్వాత ఒకరు దొంగల్లా వచ్చి అడిగారు. ఎంత నవ్వుకున్నానో! తెచ్చి ఇస్తుంటే నాకూ బాగుండేది. గురువారం ఒకడు, ఆదివారం ఒకత్తి. ఇన్నేళ్ళలో నా గుమ్మం అన్నిసార్లు ఎవరూ తొక్కలేదు." అతను ఆగి మీసం నిమురుకున్నాడు. "అయినా నొయెలీకి ఒక్కత్తే ఉండడం ఎప్పుడూ నచ్చేది కాదు. ఇక్కడైతే రోజూ గొడవ వినబడుతుంది."

అమెదేకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. టోపీతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఏమనాలో తోచక, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"ఎంత మిగిలింది అక్కడ?"

"ఓ జాడీ. అడుగున కాస్త మడ్డితో."

సొలాంజ్ సుద్దముక్క తీసుకుని పీపా దగ్గరికి వెళ్ళింది. తమ ఇద్దరి పేర్లూ రాసి, వాటి కింద "నొయెలీ, సోబా" అని రాసింది. గిలేన్‌తో, "సీసాల మీద కూడా నాలుగు పేర్లూ ఉండాలి. సంతకం పెడతావా లేదా?" అంది.

"ఏడు అదే, బట్టీ అదే, చెట్టు అదే. పెట్టకేం," అంది గిలేన్.

"అయితే మీరిద్దరూ ఇంకా నిలబడ్డారేం?" అని సొలాంజ్ మగవాళ్ళిద్దరి మీదా కేకేసింది. "ఆ ఒక్క జాడీ అక్కడ ఒంటరిగా ఎందుకు? పోయి తెండి."

అమెదే తోపుడుబండి తీశాడు. ఈసారి గుమ్మడికాయలు లేవు, గోనెపట్టా లేదు. పట్టపగలు, ఇరవై మంది చూస్తుండగా, ఇద్దరు ముసలివాళ్ళు రోడ్డు దాటి వెళ్ళి, నలభై రెండేళ్ళుగా ఎవర్నీ రానివ్వని కొట్టులోకి కలిసే వెళ్ళారు. కాసేపటికి బండి మీద ఆఖరి జాడీతో వచ్చారు. దారిలో అది ఒరిగిపోతోందని అమెదే, లేదని సోబా, ఇంటి దాకా వాదించుకుంటూనే ఉన్నారు.

జాడీ ఎత్తింది సోబానే. కానీ దాన్ని పీపా దాకా తెచ్చి ఆగిపోయాడు.

"వణుకుతున్నావు," అంది సొలాంజ్ మెల్లగా. "గరాటు నేను పట్టుకుంటా. జాడీ అడుగున ఆయన పట్టుకుంటాడు. నువ్వు పొయ్యి."